నేపర్‌విల్‌లో ఇంటింటికీ తిరిగిన బారొనెట్

పిలవని ఇంటికి వెళ్ళడమంటే నాకు చిన్నప్పటినుంచీ ఒళ్ళుమంట. అందుకు కారణం మా అమ్మ. ఆమె కృష్ణా జిల్లా పల్లెల్లో మిషన్ వాళ్ళ బైబిలు స్త్రీగా పనిచేసేది. తెల్లచీర, నల్లగొడుగు, భుజానికి గుడ్డసంచి. పొద్దున్నే బయల్దేరి ఇంటింటికీ వెళ్ళి ఆడవాళ్ళతో మాట్లాడడం ఆమె ఉద్యోగం. వేసవి సెలవుల్లో ఆ సంచి మోసే భాగ్యం నాది. కొన్ని ఇళ్ళల్లో పీట వేసి కూర్చోమనేవాళ్ళు. చాలా ఇళ్ళల్లో వాకిట్లోనే నిలబెట్టి మాట్లాడేవాళ్ళు, మేము ఏ పేట నుంచి వచ్చామో వాళ్ళకి తెలుసు కాబట్టి. దాహమంటే చెంబు ఎత్తిపట్టి పైనుంచి దోసిట్లో పోసేవాళ్ళు. మా అమ్మ ఆ నీళ్ళు తాగి, మూతి తుడుచుకుని, “పిల్లాడికి జ్వరం తగ్గిందా తల్లీ?” అని అడిగేది. నాకేమో అరికాలి మంట నెత్తికెక్కేది.

“ముక్కుమీద కోపం పెట్టుకుని నువ్వేం నర్సువవుతావే?” అని దారిలో నవ్వేది అమ్మ.

నర్సునే అయ్యాను. డెబ్బైల చివర్లో పెళ్ళయి, మా ఆయనతో షికాగో దగ్గర నేపర్‌విల్ చేరాను. అప్పుడది సగం ఊరు, సగం మొక్కజొన్న చేలు. మా ఆయన పొద్దున్నే రైలెక్కి సిటీలో ఆఫీసుకి వెళ్ళేవారు. నేను ఒక ఏజెన్సీ తరఫున రోగుల ఇళ్ళకి వెళ్ళి చూసుకునే నర్సుని. ఆదివారం మధ్యాహ్నం ఒక చర్చి బేస్‌మెంట్‌లో నాలుగైదు తెలుగు కుటుంబాలం చేరి పాటలు పాడుకునేవాళ్ళం. మిగతా వారమంతా ఎవరి లోకం వాళ్ళది. ప్రతి ఇంటికీ ముచ్చటైన వీధిగుమ్మం ఉండేది, దాన్ని వాడే మనిషి మాత్రం ఉండడు. కారు గరాజ్‌లోకి దూరుతుంది, గరాజ్ తలుపు దిగుతుంది, మనిషి మాయం. పిలవందే ఎవరి గుమ్మమూ తొక్కనక్కర్లేని దేశం దొరికిందని నేను లోలోపల దేవుడికి స్తోత్రాలు చెప్పుకున్నాను.

అలాంటి నాకు ఎనభైల మొదట్లో ఆ ఏజెన్సీ ఒక పేషెంటుని అంటగట్టింది. ఐర్లండు నుంచి వచ్చిన పెద్దమనిషి, బారొనెట్ అన్నారు. ఆ మాట నేను అప్పుడే మొదటిసారి విన్నాను. రాజు కాదు, జమీందారూ కాదు. ఎప్పుడో ముత్తాతల కాలంలో ఇంగ్లీషు రాజు ఇచ్చిన బిరుదు. పేరుకు ముందు ‘సర్’ అన్న మాట తండ్రి నుంచి కొడుక్కి ఆస్తిలా దిగుతుంది. ఆడపిల్లకి రాదు. ఆయన పైగా రాజకీయ నాయకుడు కూడా, వాళ్ళ దేశపు పార్లమెంటులో కూర్చుని వచ్చినవాడు.

మా ఆయన ఆ రాత్రి అన్నం దగ్గర ఒకటే ఆటపట్టించడం. “రాజావారి కొలువులో జాబ్ అన్నమాట! చేతులు కట్టుకుని నిలబడాలా ఏంటి?”

“నా ముఖం! బెడ్‌పాన్ పెట్టే నర్సుకి రాజా అయితే ఏంటి, కూజా అయితే ఏంటి?” అన్నాను.

నేను చూసేసరికి ఆ రాజావారు మోచేతుల దగ్గర అతుకులు వేసిన స్వెట్టరుతో మంచం మీద ఉన్నారు. డెబ్బై దాటిన మనిషి. భార్య పోయింది. పైకప్పు కారుతుంటే బాగుచేయించలేక పూర్వీకుల పెద్ద బంగళా అమ్మేశారు. కొడుకు న్యూజిలాండ్‌లో గొర్రెలు పెంచుకుంటున్నాడు, పెళ్ళి మాట ఎత్తనివ్వడు, కాబట్టి ఆ బిరుదు అతనితో సరి. కూతురు నేపర్‌విల్‌లో ఇల్లు కొనుక్కుని షికాగోలో బ్యాంకు ఉద్యోగం చేసుకుంటోంది. నలభై దాటినా తనూ పెళ్ళి చేసుకోలేదు. క్రిస్మస్‌కి కూతుర్ని చూసిపోదామని వచ్చిన ఈయన ఇంటిముందు గడ్డకట్టిన మంచు మీద జారి తుంటి ఎముక విరగ్గొట్టుకున్నారు. ఆపరేషన్ అయింది. మంచంలో ఉండగానే వాళ్ళ దేశంలో ప్రభుత్వం పడిపోయి ఒక ఎన్నిక జరిగిపోయింది. ఇంట్లో పెళ్ళి జరుగుతుంటే పక్కగదిలో జ్వరంతో పడుకున్న మేనమామలాగా గిలగిల్లాడారట.

“మళ్ళీ పడుతుంది,” అన్నారు నాతో మొదటి రోజే, కళ్ళు మెరిపిస్తూ.

“ఏం పడుతుంది సర్? మీరా?”

“నేను కాదు, ప్రభుత్వం. ఈ ఏడాదిలోపే పడుతుంది. అప్పటికి నేను నా కాళ్ళమీద మా జిల్లాలో ఉండాలి. ఇంటింటికీ తిరగాలి. ఇదే నా ఆఖరి ఎన్నిక.”

డాక్టరుగారు ఒకే మాట చెప్పారు. ఎవరి సాయం లేకుండా మెట్లెక్కి దిగగలిగిన రోజు విమానం ఎక్కవచ్చని. కూతురు మాట వేరు. రైలు దిగి వచ్చి, కోటు విప్పకుండానే నాతో చెప్పింది, “డాక్టర్ ఒప్పుకున్నా నేను ఒప్పుకోను. ఆయన్ని నడిపించండి, కానీ ఆశ పెట్టకండి. వానలో ఏదో పొలం గట్టు మీద పడి చచ్చిపోతారు.” టికెట్ కొనాల్సింది ఆమే. ఆయన దగ్గర బిరుదు తప్ప ఏమీ మిగల్లేదు.

సరే, నా పని నడిపించడం. హాల్లో వాకర్ ఇచ్చి ఈ గోడ నుంచి ఆ గోడకి నడవమన్నాను. నాలుగడుగులు వేసి ఆగిపోయారు.

“ఆ గోడతో నాకు పనేముంది?” అన్నారు.

“పని లేకపోయినా నడవాలి సర్.”

“నేను జీవితంలో ఎప్పుడూ మనిషి లేని చోటుకి నడవలేదమ్మా.”

బతిమాలాను, బెదిరించాను, గోడకి చెప్పుకున్నట్టే అయింది. మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు. ఈయన మొండివాడూ, పైగా కొంచెం రాజూను. మంచు కరిగి గడ్డి పచ్చబడే రోజుల్లో ఒక ఉదయం ఆయనే కోటు వేసుకుని కూర్చున్నారు. పక్కింటి గుమ్మం దాకా తీసుకెళ్ళమన్నారు.

“ఎందుకు సర్? వాళ్ళు మీకు తెలుసా?”

“తెలియదు. అందుకే.”

“వెళ్ళి ఏం చేస్తారు?”

“పలకరిస్తాను.”

ఓరి దేవుడా! ఏడు సముద్రాలు దాటి వచ్చినా నాకు ఈ గుమ్మాలు తప్పలేదు కదా అనిపించింది. ఏడుపొకటే తక్కువ. ఆయన వాకర్‌తో ముందు, నేను మడత కుర్చీ చంకలో పెట్టుకుని వెనక. మళ్ళీ సంచి మోసే భాగ్యమే.

ఆయనకి గుమ్మాల దగ్గర కొన్ని పద్ధతులుండేవి. గంట కొట్టాక తలుపుకి ఆనుకుని నిలబడకూడదు, వెనక్కి జరగాలి, లేకపోతే తలుపు తీసినవాళ్ళకి తోసుకొచ్చినట్టుంటుంది. కిటికీలోంచి లోపలికి చూడకూడదు. తన పేరు చెప్పాక తన సంగతి ఇంకేమీ చెప్పకూడదు, అవతలి మనిషికి ఏం కావాలో అడగాలి. ఇవన్నీ దారిలో నాకు పాఠం చెబుతూ పక్కింటికి చేరారు.

పక్కింటాయన తలుపు సందులోంచి మమ్మల్ని చూసి, ఏదో అమ్మడానికి వచ్చామనుకున్నాడు. “మాకేం అక్కర్లేదు,” అన్నాడు.

“అభినందనలు,” అన్నారు ఈయన ఎంతో గౌరవంగా. “ఏమీ అక్కర్లేని ఇల్లు చూడడం నాకు ఇదే మొదటిసారి.”

ఆ మనిషి ఫక్కున నవ్వాడు. తలుపు పూర్తిగా తెరిచాడు. మేము తిరిగి బయల్దేరేసరికి ఆ మనిషి తన వీపునొప్పి దగ్గర మొదలుపెట్టి, పక్కనే కొత్తగా కట్టే ఇళ్ళవల్ల తన నేలమాళిగలోకి నీళ్ళొస్తున్న సంగతి దాకా చెప్పేశాడు. ఎవరితో చెప్పాలో తెలియక రెండేళ్ళుగా మింగుతున్నాడట. ఈయన ఓటరు కాదు, ఈ దేశస్థుడే కాదు, అయినా నీళ్ళు ఏ మూలనుంచి వస్తున్నాయో అడిగి తెలుసుకుని, సిటీ ఆఫీసులో ఎవర్ని పట్టుకోవాలో కనుక్కుంటానని మాటిచ్చారు. కనుక్కున్నారు కూడా, ఫోన్ మీద ఫోన్ చేసి ఆ ఆఫీసువాళ్ళ తల ప్రాణం తోకకి తెచ్చి.

అన్ని గుమ్మాలూ అలా ఉండవు కదా. ఇంకో ఇంట్లో ఒకావిడ అద్దాల తలుపు వెనకనుంచే మమ్మల్ని కిందికీ పైకీ చూసింది. మడత కుర్చీ పట్టుకున్న నల్లటి అమ్మాయి, కర్రముక్కలాంటి ముసలాయన. చేత్తో పొమ్మని సైగ చేసి లోపలికి వెళ్ళిపోయింది. నాకు ఆ దోసిటి నీళ్ళన్నీ ఒక్కసారి గొంతులోకి వచ్చాయి.

“రండి సర్, ఇంటికి పోదాం. మనకేం ఖర్మ పట్టిందని ఈ గుమ్మాలెక్కడం? సిగ్గు లేదా మనకి?” అన్నాను. ‘మనకి’ అన్నాను గాని, మీకు అనే నా ఉద్దేశం.

ఆయన కుర్చీ వేయమన్నారు. ఆ ఇంటి ముందే, రోడ్డువార చెట్టు కింద కూర్చుని, ఊపిరి పీల్చుకుని, తన మొదటి గుమ్మం సంగతి చెప్పారు.

వాళ్ళ బంగళా గోడ అవతల కౌలుదార్ల ఇళ్ళు వరసగా ఉండేవి. వాళ్ళు బంగళాకి వస్తే వెనక గుమ్మానికి రావాలి. ఇంటివాళ్ళు మాత్రం ఎప్పుడూ వాళ్ళ గుమ్మాలకి వెళ్ళరు, వెళ్ళే అవసరమే లేదు. ఈయన ఎన్నికల్లో నిలబడ్డాక పార్టీ పెద్ద ఒకాయన చెవి పట్టుకుని లాక్కెళ్ళినట్టు ఆ ఇళ్ళకి తీసుకెళ్ళాడు. మొదటి ఇంట్లో ఒక ముసలావిడ. గంట లేదు, చేత్తో తట్టారు. ఆవిడ బయటికి చూసి మనిషిని పోల్చుకుంది.

“మీ తాతగారు వచ్చినప్పుడు తలుపు తట్టలేదు నాయనా, పీకించారు,” అందట. కౌలు బకాయి పడ్డారని ఆ ముసలావిడ నాన్నని కుటుంబంతో సహా వానలోకి గెంటించిన సంగతి అది. “నువ్వు తట్టావు. ఓటు ఇవ్వను గాని టీ ఇస్తాను, లోపలికి రా.”

“వెళ్ళారా?” అన్నాను.

“వెళ్ళాను. టీ ఒలకబోసుకున్నాను. నీకేం కావాలమ్మా అని అడిగాను, ఇంకేం మాట్లాడాలో తెలియక. నీళ్ళ పంపు కావాలంది. పంపు వేయించడానికి నాకు మూడేళ్ళు పట్టింది. ఆవిడ నాకు ఓటేసిందో లేదో ఇప్పటికీ తెలియదు.” ఆయన వేలితో ఆ అద్దాల తలుపు చూపించారు. “నాకు ఆ రోజు సిగ్గేసింది. తలుపు వేసినందుకు కాదు, తెరిచినందుకు.”

నేను అప్పుడు మా అమ్మ గురించి చెప్పాను. ఎవరికీ చెప్పని సంగతులు, దోసిట్లో నీళ్ళ సంగతి కూడా. ఎందుకు చెప్పానో, ఆ తాతగారి మనవడికే చెప్పాలనిపించిందేమో. ఆయన అయ్యో పాపం అనలేదు. “మీ అమ్మగారు మొదట ఏం అడిగేవారు?” అన్నారు. “జ్వరం తగ్గిందా అని,” అన్నాను. ఆయన తల ఊపి, “మా పార్టీలో ఆవిడలాంటివాళ్ళు ఇద్దరుంటే నేను ఒక్క ఎన్నికా ఓడిపోయేవాణ్ణి కాదు,” అన్నారు. నాకు నవ్వొచ్చింది, కళ్ళు కూడా చెమర్చాయి. మా అమ్మని అలా ఎవరూ మెచ్చుకోగా వినలేదు నేను.

వేసవంతా అదే మా వ్యాయామం. వాకర్ పోయి చేతికర్ర వచ్చింది. వీధి చివరి దాకా, తరవాత వెనక వీధి. ఒకరోజు వెనక వీధిలో ఒక గుమ్మం దగ్గరికి వెళ్ళేసరికి నా ముక్కుకి ఇంగువ పోపు వాసన తగిలింది. నేను గంట కొట్టడానికి జంకుతుంటే ఆయనే కొట్టారు. తలుపు తీసింది పాతికేళ్ళ అమ్మాయి, చంకలో పిల్లవాడు, నడుముకి దోపిన చీరకొంగు. ఇద్దరం ఒకర్నొకరు చూసుకున్నాం.

“మీరు... తెలుగువాళ్ళా?” అంది.

“అవునండీ. మాది బందరు దగ్గర.”

“అమ్మా! ఇన్నాళ్ళూ ఎక్కడున్నారండీ మీరు? మేము ఇక్కడికి మూవ్ అయి ఎయిట్ మంత్స్ అయింది. పగలంతా మాట్లాడేందుకు మనిషి లేక టీవీతో మాట్లాడుతున్నాను. మాది కరీంనగర్. రండి రండి, ఏంది గట్ల నిలబడ్డరు, లోపలికి రండి! తాతా, మీరు కూడా రండి!”

నేను గడప దగ్గర ఆగాను. అలవాటు. ఎక్కడి అలవాటో నాకే తెలుసు. “మేం క్రిస్టియన్సండీ,” అన్నాను, ఎందుకన్నానో, ముందే చెప్పేస్తే తరవాత బాధ ఉండదని.

“అయితే కాఫీ తాగరా ఏంది?” అందా అమ్మాయి, నా చెయ్యి పట్టుకుని తిన్నగా వంటింట్లోకి లాక్కుపోయి పొయ్యి పక్కన కుర్చీ వేసింది. ముసలాయనకి పచ్చిపులుసుతో అన్నం పెట్టింది. ఆయన చెవులు ఎర్రబడేలా తిని, ఇంకొంచెం వేయించుకున్నారు. నేను ఆ వంటింట్లో కూర్చుని, చెంబు పెదవులకి ఆనించి నీళ్ళు తాగాను. ఆ సుఖం చెప్పుకుంటే నవ్వుతారు గానీ, అది నాకు చాలా పెద్ద సుఖం.

సాయంత్రాలు కూతురు రైలు దిగి వచ్చేసరికి ఆయన వీధి కబుర్లన్నీ ఏకరువు పెట్టేవారు. ఎవరి అబ్బాయికి ఉద్యోగం పోయిందో, ఎవరి కుక్కకి కన్ను కనిపించడం లేదో. ఆమె గిన్నెలు కడుగుతూ వినేది, లేక విననట్టు కడిగేది. “ఇక్కడ కూడా మొదలుపెట్టారా డాడీ,” అని ఒక్కసారి అంది. అందులో కోపం కంటే వేరే ఏదో ఉందని నాకనిపించింది. నాకెందుకులే అని ఊరుకున్నాను.

ఆకులు రాలే కాలంలో ఫోన్ వచ్చింది. సముద్రం అవతల వాళ్ళ పార్టీ ఆఫీసు నుంచి. ప్రభుత్వం పడిపోయింది, ఎన్నికలు ప్రకటించేశారు, మూడు వారాలు కూడా లేవు, నిలబడతారా లేదా చెప్పమన్నారు. ఆయన ఒక రోజు గడువు అడిగి ఫోన్ పెట్టేసి, చిన్నపిల్లవాడిలా నా రెండు చేతులూ పట్టుకుని ఊపేశారు. చేతికర్రతో నడుస్తున్నారు, కానీ మెట్ల దగ్గర ఇంకా నా భుజం కావాలి ఆయనకి. రేపటికల్లా అదీ మానేస్తానన్నారు.

ఆ సాయంత్రం కూతురు విని, “వద్దు,” అంది. అంతే. ఆయన వాదించారు. తన జిల్లాలో తనకోసం ఎదురుచూసే మనుషులున్నారన్నారు, ఫలానావాళ్ళ దగ్గు తగ్గిందో లేదో కూడా తెలియదన్నారు. నేను బయల్దేరబోతూ గరాజ్ తలుపు దగ్గర ఇరుక్కుపోయాను, వెళ్ళడానికీ లేదు, ఉండడానికీ లేదు.

“మీ జిల్లాలో ప్రతి ఇంట్లో ఎవరికి దగ్గో మీకు తెలుసు డాడీ,” అంది ఆమె. గొంతు పెంచలేదు. “ప్రతి గుమ్మం దగ్గరా నిలబడి మీకేం కావాలి అని అడిగారు. నేను మీ ఇంట్లోనే పుట్టి పెరిగాను. ఒక్కసారి, ఒక్కసారైనా నన్నడిగారా?”

ఆమె గదిలోకి వెళ్ళిపోయింది.

మర్నాడు ఉదయం నేను వెళ్ళేసరికి ఆయన గడ్డం గీసుకోకుండా కిటికీ దగ్గర కూర్చున్నారు. మెట్ల దగ్గరికి రమ్మంటే రానన్నారు. టీ చల్లారిపోయింది. పార్టీవాళ్ళకి సాయంత్రంలోగా జవాబు చెప్పాలి, రానని చెప్పేస్తానన్నారు.

నాకు ఒళ్ళు మండింది. “ఊళ్ళో గుమ్మాలన్నీ నాచేత ఎక్కించారు, ఎండనక, వాననక. ఇప్పుడు ఒక్క మాటకి చతికిలబడతారా?”

“ఆమె అన్నది నిజం.”

“నిజమే! ఎవరు కాదన్నారు? మాలో ఒక మాటుంది సర్. ఇంట గెలిచి రచ్చ గెలవాలని.” దాన్ని ఆయనకి అర్థమయ్యేలా ఇంగ్లీషులో చెప్పేసరికి నా కోపం సగం చల్లారింది. ముందు సొంతింట్లో గెలువు, ఆ తరవాత నలుగురున్న చోట గెలవొచ్చు అని.

“ఎవరన్నారు ఆ మాట?”

“ఎవరో ఒకరు కాదు, అందరూ అంటారు. మా అమ్మమ్మ అనేది, కూరగాయలమ్మేవాళ్ళు అంటారు.”

“నేను కొడుకుని తయారుచేశాను,” అన్నారు ఆయన. “బిరుదు వాడిది, సీటు వాడిది అనుకున్నాను. పదేళ్ళప్పటినుంచీ ప్రతి ఊరూ తిప్పాను. వాడికి అవేం పట్టలేదు. ఆమె చదువుకుంది, ఉద్యోగం తెచ్చుకుంది, ఎప్పుడూ ఏమీ అడగలేదు. ఏమీ అడగని ఇల్లు కాబట్టి అక్కడ ఆగలేదు నేను.” చల్లారిన టీకప్పు పక్కకి నెట్టి, “నీళ్ళు వేడిగా ఉన్నాయా? గడ్డం గీసుకోవాలి,” అన్నారు. నీలం సూటు తీయించారు, టై కట్టించుకున్నారు.

సాయంత్రం కూతురు ఎప్పటిలాగే గరాజ్‌లోంచి వంటింట్లోకి వచ్చింది. మేము అప్పటికే బయట ఉన్నాం, ఇంటి పక్కన, చలిలో. లోపల దీపం వెలిగాక ఆయన ఇంటిముందుకి నడిచారు. వీధిగుమ్మానికి మెట్లున్నాయి, పక్కన పట్టుకోవడానికి సన్నటి ఇనుపకడ్డీ. నేను చెయ్యి అందించబోతే కళ్ళెర్రజేశారు. అడుగు వేసే పిల్లవాడి వెనక తల్లి నిలబడినట్టు నేను చేతులు చాచి వెనక నిలబడ్డాను. ఆయన ఒక్కో మెట్టే ఎక్కారు. మధ్యలో ఒకసారి ఊగారు. ప్రభువా, ప్రభువా అనుకుంటున్నాను. పైకి చేరి, టై సర్దుకుని, గంట నొక్కి, తలుపుకి దూరంగా జరిగారు.

లోపల ఎంతసేపటికీ అలికిడి లేదు. ఆ ఇంట్లో వీధిగంట మోగడం ఆమె విని ఎన్నాళ్ళయిందో. తరవాత గడియ తీసిన చప్పుడు. తలుపు బిగుసుకుపోయి రాలేదు, ఆమె రెండు చేతులా గుంజితే వచ్చింది. ఇంకా ఆఫీసు కోటులోనే ఉంది.

“డాడీ? ఇదేంటి? మెట్లు... మీరు ఒక్కరే ఎక్కారా?” అని నావైపు చూసింది, కొట్టేలా.

ఆయన టోపీ తీశారు. తన పేరు చెప్పారు, ముందు సర్ చేర్చకుండా. “ఈ వీధిలో దాదాపు అన్ని ఇళ్ళకీ వెళ్ళాను, మేడమ్. ఈ ఇంటికి రావడం ఆలస్యమైంది. చాలా ఆలస్యం. అందుకు క్షమించమని అడగడానికి వచ్చాను. మీకేం కావాలో చెబితే వింటాను.”

“చలిగా ఉంది. లోపలికి రండి.”

“విన్నాకే వస్తాను.”

ఆమె తలుపు పట్టుకుని అలాగే నిలబడింది. వేళాకోళం చేస్తున్నారా అని ఆయన ముఖంలో వెతికింది. ఆయన నిజంగానే ఎదురుచూస్తున్నారు, చేతిలో టోపీతో, గాలికి నాలుగు తెల్లవెంట్రుకలు లేస్తుంటే. నాకు అక్కణ్ణుంచి తప్పుకోవాలనిపించింది, కానీ ఆయన తూలితే పట్టుకునేది నేనే.

“సాయంత్రాలు కారు తీసేవాళ్ళు,” అంది ఆమె. “మీరూ, తమ్ముడూ. వాడికి నిద్రొచ్చేది, ఏడ్చేవాడు, అయినా ఎక్కించుకునేవాళ్ళు. మీరు ఎవరింటికి వెళుతున్నారో నాకన్నీ తెలుసు. ఏ ఇంట్లో ఏం మాట్లాడాలో కూడా నేను ఊహించుకునేదాన్ని. నాకు ఆ కారులో వెనకసీటు కావాలి, డాడీ. ఇంకేం అక్కర్లేదు, అదొక్కటే.”

“ఆ కారు అమ్మేశామమ్మా,” అన్నారు ఆయన.

నాకు నెత్తి బాదుకోవాలనిపించింది. ఇన్నేళ్ళ రాజకీయం చేసి, ఇంతకన్నా మాట దొరకలేదా ఈ మనిషికి!

ఆమె ఆయన్ని చూసింది. ముందు నవ్వింది, నవ్వుతూనే ఏడ్చింది, కోటు చేతితో ముఖం తుడుచుకుంది.

“అయితే నడిచే వస్తాను,” అంది. గడప దాటి బయటికొచ్చి, ఆయన చేతికర్ర తీసి నాకిచ్చి, ఆయన చేతిని తన చేతిలో బిగించి పట్టుకుంది. “టికెట్లు రెండు తీసుకుంటాను. ఇప్పుడు చెప్పండి, ఎదురింటికి వెళ్ళారా?”

“ఇంకా లేదు. వాళ్ళకి పెద్ద కుక్క ఉంది.”

“ఆ కుక్క నాకు తెలుసు. పదండి,” అంది.

వాళ్ళిద్దరూ మెట్లు దిగి రోడ్డు దాటారు. ఎదురింటి గంట ఆమే నొక్కింది.